జగన్మోహన ప్యాలెస్‌లో పదకొండు మంది ఆడవాళ్లు

మైసూరు పోయినవాళ్లు చూసి వచ్చేది నాలుగు చోట్లు. చాముండి కొండ, పెద్ద ప్యాలెస్, జూ, సాయంత్రానికి బృందావనం. టూరు బస్సువాళ్లు కూడా ఆ నాలుగే చూపిస్తారు. పెద్ద ప్యాలెస్‌కి పడమర పక్క, నడిచి పోయేంత దూరంలోనే జగన్మోహన ప్యాలెస్ అని ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని వదిలేసి వస్తారు. మన పత్రిక చదివే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఈసారి మైసూరు పోతే దాన్ని వదలొద్దని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. బొమ్మల చదువు నాది కాదు. కానీ 27 ఏళ్లు మిల్లులో దారం చుట్టినదాన్ని, బట్ట సంగతి తెలుసు. బట్ట తెలిసినవాళ్లకు అక్కడ చూడాల్సింది చాలా ఉంది.

పోయిన కార్తీకంలో మా వీధి ఆడవాళ్లం తొమ్మిది మంది కలిసి పోయినాం. అందరం మిల్లు ఇళ్లవాళ్లమే. నలుగురం వైండింగ్‌లో చేసినాం, ఇద్దరు రీలింగ్‌లో, మిగతావాళ్ల ఇంటాయనలు లూమ్ షెడ్డులో చేసి రిటైరైనారు. బెంగుళూరు సిటీ స్టేషన్‌లో తెల్లవారి రైలెక్కితే మైసూరు 140 కిలోమీటర్లు, మూడు గంటల దారి. చిత్రాన్నం, పెరుగన్నం డబ్బాల్లో కట్టుకున్నాం. రామనగరం దగ్గర పెద్ద పెద్ద బండలు, మండ్య వస్తే చెరకు తోటలు. శ్రీరంగపట్నం దగ్గర కావేరమ్మ కనపడగానే అందరూ చేతులెత్తి మొక్కినారు. దిగినాక కొండ అయింది, పెద్ద ప్యాలెస్ అయింది. అన్నం తిన్నాక ఎండకు ఎక్కడన్నా నీడన కూర్చుందామంటే, ఆటో ఆయన కన్నడంలో చెప్పినాడు, జగన్మోహనకు పోండమ్మా, లోపల చల్లగా ఉంటుంది, బొమ్మలు కూడా ఉన్నాయి అని. అట్లా పోయినాం.

ఈ ప్యాలెస్ 1861లో ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు కట్టించినారు. 1897లో పాత పెద్ద ప్యాలెస్ కాలిపోయింది. అది కట్టె ప్యాలెస్. ఇప్పుడు మనం చూసే రాతి ప్యాలెస్ 1912లో పూర్తయ్యే దాకా రాజుగారి కుటుంబం జగన్మోహనలోనే కాపురం ఉన్నారు. 1915 నుంచి దాన్ని బొమ్మల ప్రదర్శనశాలగా చేసినారు. ఇప్పటి పేరు శ్రీ జయచామరాజేంద్ర ఆర్ట్ గ్యాలరీ. లోపల ఫ్రాన్సు దేశపు గడియారం ఒకటి ఉంది. గంట కొట్టేటప్పుడు చిన్న చిన్న సిపాయి బొమ్మలు కదులుతాయి. మా గుంపులో సగం మంది దాని ముందరే నిలబడిపోయినారు. నేను, మా పక్కింటి వదిన బొమ్మల గదుల్లోకి పోయినాం.

అక్కడ ఒక పెద్ద నూనె రంగుల బొమ్మ ఉంది. రాజా రవివర్మ 1889లో గీసింది. ఇంగ్లీషులో దాని పేరు 'గెలాక్సీ ఆఫ్ మ్యుజీషియన్స్'. మన మాటలో చెప్పాలంటే సంగీతం పాడే, వాయించే ఆడవాళ్ల గుంపు. పదకొండు మంది. ఒక్క మగవాడు లేడు. ఒక్కొక్కరు ఒక్కో దేశపు కట్టు. తెల్లబట్ట కట్టుకుని వీణ పట్టుకున్న మలయాళీ ఆమె ఉంది, కాసె పోసి కట్టిన మహారాష్ట్ర ఆమె ఉంది, ముస్లిం ఆమె ఉంది, పార్సీ ఆమె ఉంది, టోపీ పెట్టుకున్న ఆంగ్లో ఇండియన్ ఆమె కూడా ఉంది. అప్పటికి మన దేశానికి స్వతంత్రం రావడానికి ఇంకా 58 ఏళ్లు ఉంది. దేశమంతా ఒక కుటుంబం అని మాటతో చెప్పకుండా, ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చూపించినాడు ఆయన.

నేను ముందు చూసింది బట్ట. మిల్లు కన్ను ఎక్కడికి పోయినా పోదు. నూలు బట్టకు గంజి పెడితే మడత ఎట్లా నిలబడుతుందో, పట్టుబట్ట మడత ఎట్లా జారిపోతుందో మనకు తెలుసు. ఆ తేడా రవివర్మకు కూడా తెలుసు. నూలు నూలే, పట్టు పట్టే. జరీ అంచు వెలుతురు పడినచోట మెరుస్తుంది, మడత లోపలికి పోయినచోట నల్లబడుతుంది. పలచని పైట కింద లోపలి రంగు కనిపిస్తుంది. దగ్గరికి పోయి చూస్తే అది దారం కాదు, రంగు ముద్ద. రెండడుగులు వెనక్కి వస్తే మళ్లీ బట్ట. నేను ఆ రెండడుగులు ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు వేసినానో లెక్క లేదు.

వదిన మాత్రం మొహాలు చూసింది. చాలాసేపు చూసి అడిగింది:

"ఏందక్కా, ఈళ్లందరూ ఒక తల్లి బిడ్డల మాదిరి ఉండారే? కట్టు వేరే, కన్నూ ముక్కూ మాత్రం ఒకటే."

ఆ మాట నిజం. పదకొండు మందిలో నున్నని చర్మం, పెద్ద కళ్లు, నిండు బుగ్గలు. అలిసిన మొహం లేదు. వయసు మళ్లిన మొహం లేదు. ఆ కాలంలో ఊరూరా అమ్మవారు పోసేది, మచ్చ పడని మొహాలు తక్కువ. బొమ్మలో ఒక్క మచ్చ లేదు. బట్టను ఉన్నది ఉన్నట్టు గీసినాడు, మొహాన్ని ఉండాల్సినట్టు గీసినాడు అని నాకు అర్థమైంది.

రవివర్మ గురించి రెండు మాటలు. ఆయన 1848లో కేరళలో కిళిమానూరులో పుట్టినాడు. చిన్నతనంలోనే తిరువనంతపురం మహారాజు దగ్గరికి చేరినాడు. నూనె రంగులు అప్పుడు మనవాళ్లకు కొత్త. ఆస్థానంలో ఉన్న పెద్ద చిత్రకారుడు రామస్వామి నాయకర్ ఆ విద్య నేర్పలేదు. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్లై రాత్రిళ్లు చాటుగా వచ్చి చెప్పిపోయేవాడని అంటారు. 1868లో థియోడర్ జెన్సన్ అనే దొర వచ్చి బొమ్మలు గీస్తుంటే పక్కన నిలబడి చూసి కొంత పట్టుకున్నాడు. ఈ కథ వింటే మన మిల్లు మిస్త్రీలు గుర్తు రాలేదా? పనిముట్టు అందివ్వనిస్తారు, పని గుట్టు చెప్పరు. నిలబడి చూసి నేర్చుకున్నవాడే పనివాడు. 1873లో ఆయన బొమ్మకు వియన్నాలో బహుమతి వచ్చింది. అది కొప్పులో పూలు సర్దుకుంటున్న నాయరు ఇంటి ఆడమనిషి బొమ్మ. 1893లో అమెరికాలో చికాగో ప్రదర్శనకు పది బొమ్మలు పంపించినాడు. దానికీ మెచ్చుకోలు వచ్చింది. ఆ పదీ మన దేశపు ఆడవాళ్ల బతుకు బొమ్మలే.

చీర సంగతి కూడా చెప్పాలి. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ 14 పురాణ చిత్రాలు కావాలన్నప్పుడు, సీత, దమయంతి లాంటి తల్లులకు ఏ బట్ట కట్టించాలని ఆయనకు ప్రశ్న వచ్చింది. తమ్ముడు రాజరాజవర్మ కూడా చిత్రకారుడే. అన్నదమ్ములిద్దరూ ఉత్తరాదికి పోయి ఊళ్లు తిరిగినారు. చివరికి ఎక్కువగా చీరే కట్టించినాడు. పురాణంలో ఆడవాళ్లు అంటే మన కంటికి పట్టుచీర, జరీ అంచు కనపడుతున్నాయంటే అందులో ఆయన చెయ్యి చాలా ఉంది. మగ్గం మీద కూర్చున్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఇంతవరకూ ఇవి రాజుల ఇళ్లలో బొమ్మలు. మన ఇళ్లకు ఎట్లా వచ్చినాయి? 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టించినాడు. మిషన్లు, పనితనం తెలిసినవాళ్లు జర్మనీ నుంచి వచ్చినారు. రాతి అచ్చు అది. నున్నగా చేసిన రాతి పలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపితే బొమ్మ ఉన్నచోట నీళ్లు నిలవవు, బొమ్మ లేనిచోట రంగు అంటదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఎరుపుకు ఒకటి, పసుపుకు ఒకటి, నీలికి ఒకటి, అట్లా ఒకే కాగితం అన్ని రాళ్ల కిందా పోయి వస్తే బొమ్మ నిండుతుంది. ఒక రంగు నూలుపోగంత పక్కకు జరిగినా పెదవి ఎరుపు గడ్డం మీదికి వస్తుంది. ప్రింటింగ్ బట్ట మీద పనిచేసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఆ ప్రెస్సును లోనావలా దగ్గర మలవ్లీకి మార్చినారు. అప్పులు పెరిగి, 1900 దాటిన కొద్ది ఏళ్లకే దాన్ని అక్కడే పనిచేసే జర్మనీ ఆయన ఫ్రిట్జ్ ష్లైకర్‌కు అమ్మేసినారు. రవివర్మ 1906లో పోయినాడు. ఆయన పోయినా అచ్చు ఆగలేదు.

ఆ అచ్చులో వచ్చిన లక్ష్మి, సరస్వతి మన గోడల మీద ఉన్నవాళ్లే. తామర పువ్వు మీద నిలబడి, వెనక ఏనుగు పూలమాల పట్టుకున్న లక్ష్మి. నీళ్ల ఒడ్డున రాయి మీద కూర్చుని వీణ పట్టుకున్న సరస్వతి, పక్కన నెమలి. అంతకుముందు దేవుడి మొహం చూడాలంటే గుడికి పోవాలి. గుడి లోపలికి రానివ్వని కులాలవాళ్లు ఎంతోమంది. అచ్చుబొమ్మ వచ్చినాక దేవత ప్రతి గుడిసె గోడ మీదికీ వచ్చింది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక మేకు చాలు. రవివర్మ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దది ఇదే అనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో ఆ కాగితం బొమ్మ చీర మీద నిజం బట్ట కత్తిరించి అతికించి, చమ్కీలు, జరీ కుట్టేవాళ్లు. కాగితం లక్ష్మికి కూడా చీర పెట్టిన చేతులు అవి.

మన మిల్లుల్లోకి కూడా ఆ మొహమే వచ్చింది. అప్పట్లో మాంచెస్టర్ నుంచి వచ్చే తానులకు, తర్వాత మన దేశపు మిల్లు తానులకు రంగుల చీటీ అతికించేవాళ్లు. చదువురాని జనం బొమ్మ చూసి బట్ట కొనేవాళ్లు. దేవతలు, రాణులు, పూలబుట్ట పట్టుకున్న ఆడవాళ్లు, అన్నీ ఈ అచ్చుల అడుగుజాడే. మా నాయన ఫోల్డింగ్ డిపార్టుమెంటులో చేసేవాడు. నలిగిపోయిన చీటీలు ఇంటికి తెచ్చేవాడు. మా అమ్మ వాటిని ట్రంకు పెట్టె మూత లోపల మైదా పేస్టుతో అతికించింది. పెట్టె తెరిస్తే నలుగురు రాణులు కనపడేవాళ్లు. పండగ చీర తియ్యడానికి పెట్టె తెరిస్తే, పిల్లలం ఆ రాణులను చూడడానికి చుట్టూ చేరేవాళ్లం.

ఇంతవరకూ మంచి చెప్పినాను. రెండో పక్క కూడా చెప్పాలి.

ఒకే మొహాన్ని నూరేళ్లు అన్ని గోడల మీదా చూస్తే, అందం అంటే అదే అని మనసులో పడిపోతుంది. సినిమావాళ్లు పాటల్లో రవివర్మ పేరు పెట్టినారు. పెద్దవాళ్లు పిల్లను మెచ్చుకోవాలంటే రవివర్మ బొమ్మలా ఉంది అంటారు. మెచ్చుకోవడం వరకూ బాగుంది. కొలత పెట్టడం మొదలైతేనే కష్టం. మా వీధిలో ఒక పిల్ల ఉంది. గార్మెంట్స్‌లో టైలరు. నాయన పోయినాక ఆ పిల్ల జీతంతోనే ఇల్లు నడుస్తుంది, చెల్లెలు కాలేజీకి పోతుంది. పెళ్లిచూపులకు ఒకళ్లు వచ్చినారు. కాఫీ తాగినారు. పోయేటప్పుడు మధ్యవర్తితో, పిల్ల రంగు తక్కువ, మేం మహాలక్ష్మి మాదిరి పిల్లను వెతుకుతాండాం అన్నారంట. అది విని మా వదిన అన్న మాట ఇది:

"నెలనెలా ఇంటికి డబ్బు తెచ్చేదే కదా లక్ష్మి అంటే. ఇంక ఎట్ల ఉండాల అంట?"

మైసూరులో ఆ బొమ్మ ముందర నిలబడినప్పుడు మాకిద్దరికీ ఆ పిల్లే గుర్తొచ్చింది. బొమ్మలో ఉన్న మొహం ఒక మనిషిది కాదు. చిత్రకారుడు అక్కడొకటి ఇక్కడొకటి ఏరి, మచ్చ తీసి, నునుపు పెట్టి కూర్చిన మొహం. అట్లాంటి మొహంతో పనిచేసి తినే పిల్లను పోల్చడం న్యాయం కాదు. ఆ పోలికకు నిలిచే ఆడది ఆ కాలంలోనూ లేదు.

ఇంకొకటి. ఆ రోజుల్లో మర్యాద గల ఇళ్లు అనిపించుకున్నవాళ్లు తమ ఆడవాళ్లను చిత్రకారుడి ముందర కూర్చోనిచ్చేవాళ్లు కాదు. కూర్చున్నవాళ్లలో పాటపాడి బతికే ఆడవాళ్లు ఉన్నారు. గోవాలో పుట్టిన గాయని అంజనీబాయి మాల్పేకర్ రవివర్మ బొమ్మలకు నమూనాగా కూర్చున్నదని చెబుతారు. ఆమె ఉత్త అందగత్తె కాదు, హిందుస్తానీ సంగీతంలో పెద్ద విద్వాంసురాలు. 1958లో సంగీత నాటక అకాడమీ ఫెలోషిప్ అందుకున్న మొదటి ఆడమనిషి. అయితే పాట పాడే కులాల ఆడవాళ్లను పెళ్లికి, పేరంటానికి పిలవని కాలం అది. మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, ఆమెను చూసి గీసిన బొమ్మను ఇంట్లోకి తెచ్చుకున్నారు. ఇది చదివే ఆడపిల్లలు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

తర్వాత నేను చేతులు చూసినాను. వైండింగ్‌లో చేసినవాళ్లు ఎవరినైనా ముందు చేతులు చూస్తారు. దారం పరిగెత్తే చోట చూపుడువేలు కోసుకుపోతుంది. గుడ్డపీలిక చుట్టుకుంటాం, అయినా గీత పడుతుంది. నా కుడిచేతి వేలు మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. బొమ్మలో వీణ తీగ మీద పెట్టిన వేలు మెత్తగా ఉంది. వీణ వాయించేవాళ్ల వేలుకు కూడా కాయ కాస్తుంది కదా. అది లేదు. బట్ట నేసినవాళ్ల చెయ్యి అయితే బొమ్మలోకే రాలేదు, బట్టగా మాత్రం వచ్చింది.

అదే ప్యాలెస్‌లో చెయ్యిని సరిగ్గా చూసిన బొమ్మ ఒకటుంది. చీకటి గదిలో పెట్టినారు. ఒక ఆడపిల్ల చేతిలో దీపం పట్టుకుని, గాలికి ఆరకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టింది. వెలుతురు వేళ్ల సందుల్లోంచి ఎర్రగా వస్తుంది. చూసేవాళ్లందరూ ఇది కూడా రవివర్మదే అంటారు. కాదు. ఎస్. ఎల్. హల్దన్‌కర్ అనే ఆయన 1945-46లో నీళ్ల రంగులతో గీసింది. నిలబడింది ఆయన కూతురు గీత. ఆ అమ్మ నూరేళ్లు దాటి బతికి 2018లో పోయింది. దీపం పట్టిన పిల్ల ఎవరో పేరు తెలిసి చూస్తే ఆ బొమ్మ ఇంకా దగ్గరగా అనిపించింది నాకు. దేవత కాదు, ఒక ఇంటి పిల్ల.

రవివర్మకు పేదల బతుకు కనపడలేదని కూడా అనలేను. చికాగోకు పంపిన పదిలో ఊరూరా తిరిగి అడుక్కునే ఒక కుటుంబం బొమ్మ ఉంది. తల్లి పిల్లలతో నేల మీద కూర్చుని ఉంటుంది, దగ్గర తీగ వాయిద్యం. పుస్తకంలో ఆ అచ్చు చూసినాను. ఆ తల్లి మొహంలో అలుపు ఉంది. ఆ అలుపు గీయడం ఆయనకు చేతనవును. కానీ గోడకు కొనేవాళ్లు లక్ష్మిని కొన్నారు, ఈ తల్లిని కొనలేదు. అడిగినవాళ్లకు అడిగినంతే అచ్చయింది. మిల్లులోనూ అంతే కదా, ఏ బట్టకు ఆర్డరు వస్తే మగ్గం మీదికి ఆ బట్టే ఎక్కుతుంది.

అందుకని గోడ మీది లక్ష్మిని తీసెయ్యమని నేను చెప్పడం లేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, రోజూ దీపం పెడతాను. పక్కన ఇంకో బొమ్మకు చోటు ఇవ్వండి అంటున్నాను. మైసూరు నుంచి వచ్చినాక నేను పనిలో ఉన్న ఫోటో ఏదన్నా ఉందేమోనని ఇల్లంతా వెతికినాను. 27 ఏళ్లకు ఉన్నది గేటు పాసు మీద అతికించిన చిన్న ఫోటో ఒక్కటే. తలకు నూనె పెట్టి, దువ్వి, స్టూడియోలో కూర్చుని తీయించుకున్నది. మిషను ముందర, జుట్టులో దూది, వేలికి పీలిక ఉన్న నన్ను ఎవరూ ఏ బొమ్మా తియ్యలేదు. మా అమ్మదైతే ఏ ఫోటో లేదు.

మీ ఇళ్లలో చూడండి. పాత పెట్టెల్లో, పుస్తకాల మధ్యలో, మీ అవ్వ, అమ్మ, అత్త పనిలో ఉండగా తీసిన ఫోటో ఒక్కటన్నా ఉంటే మన పత్రికకు పంపించండి. పేరు, ఏ డిపార్టుమెంటు, ఎన్నేళ్లు చేసింది, ఇంతే రాయండి. నెలకు ఒకటి వెయ్యమని సంపాదకులను నేనే అడుగుతాను. ఇప్పుడు పనిచేస్తున్న పిల్లలైతే చేతిలో ఫోను ఉంది, ఈ రోజే తీసుకోండి. దువ్వుకోవద్దు, పౌడరు వద్దు, ఉన్నట్టు తీసుకోండి.

మైసూరు పోయేవాళ్లు జగన్మోహనకు కనీసం రెండు గంటలు పెట్టుకోండి. పిల్లలను తీసుకుపోండి. గడియారం దగ్గర వాళ్లను కాసేపు ఆడుకోనిచ్చి, ఆ పదకొండు మంది బొమ్మ ముందర నిలబెట్టండి. బట్ట చూడమనండి, రెండడుగులు వెనక్కి వచ్చి మళ్లీ చూడమనండి. తర్వాత వేళ్లు చూడమనండి.